జెఫర్సన్ బర్డిక్

జెఫర్సన్ ఆర్. బర్డిక్ (1900 - మార్చి 13, 1963) అమెరికాకు చెందిన ప్రసిద్ధ కార్డుల సేకర్త, సూచీకర్త. సిగరెట్ పెట్టెలలోను, మిఠాయి పొట్లాలలోను ఉచితంగా వచ్చే బొమ్మల కార్డులను, ముఖ్యంగా పాతకాలపు బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులను సేకరించి, వర్గీకరించి, వాటికి సంఖ్యలు ఇచ్చి ఒక క్రమంలోకి తెచ్చినవాడిగా ఇతడు పేరు పొందాడు. అమెరికాలో కార్డుల సేకరణకు ఇతడిని పితామహుడిగా భావిస్తారు. బర్డిక్ ధనవంతుడు కాడు. ఒక కర్మాగారంలో విద్యుత్ పరికరాల భాగాలను బిగించే పని చేసి జీవించాడు. వయసులో ఉండగానే సోకిన కీళ్ళవాతం జీవితాంతం ఇతడిని బాధించింది. అయినప్పటికీ మూడు లక్షలకు పైగా కార్డులను, ఇతర ముద్రిత వస్తువులను సేకరించి న్యూయార్క్ లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ కు ఉచితంగా ఇచ్చాడు. వాటిలో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులు ఉన్నాయి.

బాల్యం, ఉద్యోగం

బర్డిక్ 1900 సంవత్సరంలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ స్క్వేర్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఇది సిరక్యూస్ నగరానికి ఉత్తరాన ఉంది. ఇతడిది వ్యవసాయ కుటుంబం. 1922లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. తరువాత సిరక్యూస్ లోని క్రౌస్-హిండ్స్ అనే విద్యుత్ పరికరాల సంస్థలో పనిచేశాడు. కీళ్ళవాతం వలన బరువు పనులు చేయలేని స్థితి ఏర్పడటంతో, కూర్చుని చిన్న భాగాలను కూర్చే పని ఇతడికి అనుకూలించింది. బర్డిక్ వివాహం చేసుకోలేదు. జీతంలో మిగిలిన సొమ్ము, ఉద్యోగం తరువాత మిగిలిన సమయం అంతా కార్డులకే వెచ్చించాడు.

ఇతడి బాల్యం అమెరికాలో సిగరెట్ కార్డులు విరివిగా వచ్చిన కాలం. పెద్దలు కాల్చి పారేసిన పెట్టెలలోని బొమ్మల కోసం పిల్లలు పోటీపడేవారు. బర్డిక్ కూడా ఆ పిల్లలలో ఒకడు. మిగిలినవారు పెద్దయ్యాక ఆ సరదాను మరచిపోయారు, ఇతడు మరచిపోలేదు.

కార్డుల పూర్వ చరిత్ర

బర్డిక్ చేసిన పని విలువ తెలియాలంటే ఈ కార్డులు ఎలా పుట్టాయో కొంత తెలుసుకోవాలి. మనకు క్రికెట్ ఎలాగో అమెరికా ప్రజలకు బేస్‌బాల్ అలాంటిది. 19వ శతాబ్దపు చివరి భాగంలో సిగరెట్లను పలుచని కాగితపు పెట్టెలలో అమ్మేవారు. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక అట్టముక్కను పెట్టేవారు. ఖాళీగా ఉన్న ఆ అట్టపై బొమ్మ అచ్చువేస్తే కొనేవారు మళ్ళీ అదే రకం కొంటారని వ్యాపారులు గ్రహించారు. నటీమణులు, పక్షులు, దేశాల జెండాలు, సైనికాధికారులు, మల్లయోధులు, బేస్‌బాల్ ఆటగాళ్ళు - ఇలా ప్రతి విషయం మీద వరుస కార్డులు వెలువడ్డాయి. వరుసలో ఒకటి తగ్గితే దానికోసం మరో పెట్టె కొనాలి. వ్యాపార రహస్యమంతా ఇందులోనే ఉంది.

తొలినాటి కార్డులలో కొన్ని నిజమైన ఛాయాచిత్రాలు. న్యూయార్క్ లోని గుడ్విన్ కంపెనీ 1886 నుండి 1890 వరకు ఓల్డ్ జడ్జ్ సిగరెట్లతో ఇచ్చిన కార్డులు ఇటువంటివే. బ్రూక్లిన్ కు చెందిన జోసెఫ్ హాల్ స్టూడియోలో ఆటగాళ్ళను నిలబెట్టి తీసిన చిత్రాలు వీటిలో చాలా ఉన్నాయి. ఆ రోజులలోని కెమెరాలకు కదిలే వస్తువును పట్టుకోవటం కష్టం. అందువలన బంతిని దారంతో పైనుండి వేలాడదీసి, ఆటగాడు దానిని పట్టుకోబోతున్నట్లుగానో, కొట్టబోతున్నట్లుగానో నిలబడితే చిత్రం తీసేవారు. కొన్ని కార్డులలో ఆ దారం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చికకు బదులు తివాచీ, మైదానానికి బదులు రంగులు పూసిన తెర ఉంటాయి. ఆటగాళ్ళ ముఖాలు మాత్రం నిజమైనవి. వీరిలో పలువురికి ఈ చిన్న కార్డు తప్ప వేరే చిత్రం దొరకటం అరుదు. చరిత్రకారులకు ఇవి ముఖ్యం కావటానికి ఇదే కారణం. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ కు చెందిన ఆలెన్ అండ్ గింటర్ సంస్థ 1887లో వేసిన కార్డులు ఇందుకు భిన్నంగా లితోగ్రఫీ అనే రాతి ముద్రణ పద్ధతిలో, పలు రంగులలో అచ్చయ్యాయి. 50 మంది ఛాంపియన్ల ఆ వరుసలో 10 మంది బేస్‌బాల్ ఆటగాళ్ళు.

1890లో పెద్ద సిగరెట్ సంస్థలన్నీ కలసి అమెరికన్ టొబాకో కంపెనీగా ఏర్పడ్డాయి. పోటీ లేనప్పుడు బొమ్మలు ఎందుకని కార్డులు క్రమంగా ఆగిపోయాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దం చివరలో ఇవి మళ్ళీ మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటికి మరోసారి తగ్గిపోయాయి. 1930లలో చూయింగ్ గమ్ తయారుచేసేవారు వీటిని తిరిగి బ్రతికించారు. 1933లో గౌడీ సంస్థ వేసిన కార్డులు వీటిలో ప్రసిద్ధమైనవి. ఈ మధ్యలో రొట్టెల కంపెనీలు, ఐస్‌క్రీం అమ్మేవారు, పత్రికలు కూడా తమ తమ కార్డులు వేశారు. వీటి జాబితా ఎక్కడా లేదు. అచ్చువేసిన సంస్థలు కూడా లెక్కలు భద్రపరచలేదు.

సూచీ రచన

1930లలో బర్డిక్ తన సేకరణను పద్ధతి ప్రకారం పెంచటం ప్రారంభించాడు. అప్పటికి అమెరికాలో కార్డులు సేకరించేవారు కొద్దిమంది మాత్రమే, అదీ దూరదూరంగా ఉండేవారు. వారి మధ్య వ్యవహారమంతా ఉత్తరాల ద్వారానే జరిగేది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. తపాలా బిళ్ళలకు ముద్రిత సూచీలు అప్పటికే ఉన్నాయి. కార్డులకు పేర్లే లేవు. తెల్ల అంచు, వెనుక ఫలానా సిగరెట్ ప్రకటన, ఆటగాడి నడుము వరకు బొమ్మ అని ఒకరు వ్రాస్తే, రెండవవారికి అది ఏ వరుసలోనిదో తెలిసేది కాదు. వరుసలో మొత్తం ఎన్ని కార్డులు ఉన్నాయో ఎవరికీ తెలియదు.

బర్డిక్ 1937లో కార్డ్ కలెక్టర్స్ బులెటిన్ అనే చిన్న పత్రికను ప్రారంభించాడు. సేకర్తల నుండి వచ్చిన సమాచారాన్ని దీనిలో ప్రచురించేవాడు. కొంతకాలానికి దీని నిర్వహణను చార్లెస్ బ్రే అనే మరొక సేకర్తకు అప్పగించాడు. పత్రిక ద్వారా సమకూడిన జాబితాలతో 1939లో యునైటెడ్ స్టేట్స్ కార్డ్ కలెక్టర్స్ కేటలాగ్ వెలువడింది. 1946లో దీనిని ది అమెరికన్ కార్డ్ కేటలాగ్ అనే పేరుతో విస్తరించి ప్రచురించాడు. తరువాత 1953, 1960 సంవత్సరాలలో కొత్త ముద్రణలు వచ్చాయి. పలువురు సేకర్తలు సమాచారం అందించినప్పటికీ పద్ధతి మాత్రం బర్డిక్ దే.

ఆ పద్ధతి చాలా సులభమైనది. కార్డు దేనితో వచ్చిందో, ఏ కాలానిదో తెలిపే ఒక అక్షరం, దాని పక్కన వరుస సంఖ్య. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు టి, తొలినాటి మిఠాయి, గమ్ కార్డులకు ఇ, 1930 తరువాతి గమ్ కార్డులకు ఆర్, రొట్టెలతో వచ్చినవాటికి డి, పత్రికలు ఇచ్చినవాటికి ఎం, పోస్టు కార్డులకు పిసి అనే గుర్తులు పెట్టాడు. ఈ విధంగా ఓల్డ్ జడ్జ్ కార్డులు ఎన్172 అయ్యాయి, ఆలెన్ అండ్ గింటర్ వరుస ఎన్28 అయింది, 1933 నాటి గౌడీ కార్డులు ఆర్319 అయ్యాయి. ఈ సంఖ్యలలో ఎవరినీ ఆకట్టుకునే గుణమేమీ లేదు. అయినా 80 సంవత్సరాలు దాటిన తరువాత కూడా వేలం సంస్థలు, మ్యూజియంలు, సేకర్తలు ఇవే వాడుతున్నారు. 1909-1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ 16 రకాల బ్రాండ్ల ప్రకటనలతో వేసిన తెల్ల అంచు కార్డుల వరుసకు ఆ కంపెనీ ఏ పేరూ పెట్టలేదు. దానికి ఉన్న పేరు బర్డిక్ పెట్టినదే: టి206. ఈ వరుసలో 520కి పైగా వేర్వేరు బొమ్మలు ఉన్నాయి.

కేటలాగులో ప్రతి వరుసకు ఒక ధర కూడా సూచించాడు. ఎక్కువ కార్డుల ధర కొన్ని సెంట్లు మాత్రమే. ధరలు పెరిగితే సామాన్యులు సేకరణకు దూరమవుతారని ఇతడి అభిప్రాయం. వ్యాపారం కోసం కార్డులు కొనేవారంటే ఇతడికి ఇష్టం ఉండేది కాదు.

హోనస్ వాగ్నర్ కార్డు

టి206 వరుసలోని హోనస్ వాగ్నర్ కార్డు బర్డిక్ కేటలాగులో ఒక మినహాయింపు. దానికి 50 డాలర్ల విలువ కట్టాడు. మిగిలిన బొమ్మలు సెంట్లలో దొరికే రోజులలో ఇది చాలా పెద్ద మొత్తం.

వాగ్నర్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడిన గొప్ప ఆటగాడు. 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కు మొట్టమొదట ఎన్నికైన అయిదుగురిలో ఒకడు. ఇతడి కార్డు ముద్రణ ప్రారంభమైన కొద్దికాలానికే ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనటం వాగ్నర్ కు ఇష్టం లేదని ఒక కథనం. తన బొమ్మ వాడుకున్నందుకు తగిన సొమ్ము ఇవ్వలేదని అభ్యంతరం చెప్పాడని మరొక కథనం. మొదటిది వినటానికి బాగుంటుంది కాని, వాగ్నర్ కు స్వయంగా పొగాకు అలవాటు ఉండేది. కారణం ఏదైనా బయటకు వచ్చిన కార్డులు చాలా తక్కువ. ఇప్పటివరకు కొన్ని పదుల కార్డులే బయటపడ్డాయి. అందులో ఒకటి బర్డిక్ సేకరణలో ఉంది.

బర్డిక్ మరణించిన తరువాత ఈ కార్డు ధర ఎలా పెరిగిందో చూస్తే, ఇతడు భయపడినదే జరిగిందనిపిస్తుంది. 1991లో హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్స్కీ మరొకరితో కలసి ఒక వాగ్నర్ కార్డును 4,51,000 డాలర్లకు కొన్నాడు. అదే కార్డు 2007లో 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. కొత్తదిలా మెరిసే దాని అంచులు నిజానికి కత్తిరించినవని, ఆ కార్డును అంతకు ముందు అమ్మిన వ్యాపారి 2013లో న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు. వేరొక వాగ్నర్ కార్డు 2021లో 66 లక్షల డాలర్లకు, ఇంకొకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయ్యాయి. మ్యూజియంలోని బర్డిక్ కార్డు మాత్రం ఈ సంతకు బయటే ఉండిపోయింది.

మెట్రోపాలిటన్ మ్యూజియం

వయసు, వ్యాధి పెరిగేకొద్దీ తన తదనంతరం సేకరణ ఏమవుతుందనే ఆలోచన బర్డిక్ ను బాధించింది. వారసులు లేరు. అమ్మితే ముక్కలై చెదిరిపోతుంది. 1947లో ఇతడు మెట్రోపాలిటన్ మ్యూజియంను సంప్రదించాడు. అప్పుడు అక్కడి ముద్రిత చిత్రాల విభాగానికి ఎ. హయత్ మేయర్ అధిపతి. రెంబ్రాంట్, డ్యూరర్ వంటి మహా చిత్రకారుల ముద్రిత చిత్రాలు ఉన్న విభాగం అది. అటువంటి చోట సిగరెట్ పెట్టెల బొమ్మలకు స్థానం దొరకటం ఆశ్చర్యమే. అయితే ప్రజలు రోజూ చూసి పారేసే ముద్రణలు కూడా ముద్రణ చరిత్రలో భాగమేనని మేయర్ నమ్మినవాడు. తీసుకోవటానికి అంగీకరించి ఒక షరతు పెట్టాడు: ఇంత పెద్ద సేకరణను సర్దే సిబ్బంది మ్యూజియంలో లేరు కనుక, వర్గీకరించి ఆల్బములలో అమర్చే బాధ్యత బర్డిక్ దే.

బర్డిక్ ఒప్పుకున్నాడు. కార్డులు విడతలు విడతలుగా న్యూయార్క్ చేరసాగాయి. మొదట్లో ఇతడు సిరక్యూస్ లో ఉద్యోగం చేస్తూనే, వీలు దొరికినప్పుడు వచ్చి పనిచేసేవాడు. ప్రయాణం 400 కిలోమీటర్ల పైమాటే. 1959లో ఆరోగ్యం క్షీణించి ఉద్యోగం మానివేసి, ఈ పని కోసమే న్యూయార్క్ నగరానికి మకాం మార్చాడు. ముద్రిత చిత్రాల విభాగంలో ఒక మూల ఇతడికి చిన్న బల్ల ఇచ్చారు. అక్కడ కూర్చుని వేల కొలది కార్డులను ఒక్కొక్కటిగా తీసి, కేటలాగు సంఖ్య ప్రకారం పేర్చి, ఆల్బము పుటలకు అంటించేవాడు. అప్పటికి వ్రేళ్ళు వంకరపోయాయి. కోటు తొడుక్కోవటం, టోపీ పెట్టుకోవటం కూడా ఇతడికి కష్టమైన పనులే. అరచేతిలో సగం ఉండే కార్డును వంకర లేకుండా అంటించటానికి ఎంత శ్రమ పడ్డాడో ఊహించవచ్చు. జీతం లేదు, సహాయకులు లేరు.

పని ముగుస్తుందో లేదో చెప్పలేని స్థితి. ముగించకముందే మరణిస్తే, మిగిలిన పెట్టెలలోని కార్డులు ఏ వరుసవో విప్పి చెప్పగలవారు కూడా కరువే. ఇతడు పూర్తిచేయలేనేమోనని మేయర్ తో అప్పుడప్పుడు అనేవాడు. పని మాత్రం ఆపలేదు. 1960 నాటి కేటలాగు కొత్త ముద్రణ కూడా ఈ మధ్యలోనే వెలువడింది.

జనవరి 10, 1963 సాయంత్రం బర్డిక్ చివరి కార్డును అంటించాడు. మేయర్ వద్దకు వెళ్ళి పని పూర్తయిందని చెప్పి సెలవు తీసుకున్నాడు. మరునాడే ఆసుపత్రిలో చేరాడు, తిరిగి రాలేదు. రెండు నెలల తరువాత, మార్చి 13, 1963న మరణించాడు.

సేకరణ స్వరూపం

బర్డిక్ సేకరణను బేస్‌బాల్ కార్డుల సేకరణగానే చాలామంది ఎరుగుదురు. నిజానికి బేస్‌బాల్ కార్డులు అందులో పదవ వంతు. మిగిలినవి వ్యాపార ప్రకటనల కార్డులు, పోస్టు కార్డులు, శుభాకాంక్షల కార్డులు, వాలెంటైన్ కార్డులు, కాగితపు బొమ్మలు మొదలైనవి. ఇతడు బేస్‌బాల్ అభిమాని కాదు. ఆట కంటే అచ్చు ఇతడిని ఆకర్షించింది. ఒక ఆటగాడి కార్డును, ఒక పిచుక కార్డును ఇతడు ఒకే శ్రద్ధతో అంటించాడు. అందువల్లనే ఆ కాలపు అమెరికా సామాన్యుల ఇళ్ళలో ఏయే బొమ్మలు తిరిగాయో తెలుసుకోవటానికి ఈ సేకరణ ఉపయోగపడుతున్నది.

నేటి సేకర్తలు ఈ ఆల్బములను చూసి కొంత నొచ్చుకోవటం కూడా సహజమే. అంటించిన కార్డు వెనుక వైపు చూడటం కుదరదు. టి206 వంటి కార్డులకు వెనుకనున్న ప్రకటనను బట్టి కూడా అరుదుదనం నిర్ణయిస్తారు. ఇప్పుడు కార్డులను ప్లాస్టిక్ పలకలలో బిగించి, పదికి ఇన్ని మార్కులని గ్రేడు ఇచ్చి దాచుతారు. ఆల్బములో అంటించటం బర్డిక్ కాలంలో అందరూ అనుసరించిన పద్ధతి.

మ్యూజియం ఈ సేకరణ నుండి కొన్ని కొన్ని కార్డులను విడతలుగా ప్రదర్శిస్తూ వచ్చింది. వేల కార్డుల చిత్రాలను అంతర్జాలంలో ఉంచింది. వాగ్నర్ కార్డుతో సహా వీటిలో పలు కార్డుల మ్యూజియం నమోదు సంఖ్య 63.350తో మొదలవుతుంది. ఇందులో 63 అంటే 1963, అనగా బర్డిక్ మరణించిన సంవత్సరం. ఆ సంఖ్య మధ్యలో ఇతడి కేటలాగు సంఖ్య కూడా చేరి ఉంటుంది.

ఛాయాచిత్రాల సేకరణపై ప్రభావం

బర్డిక్ కేటలాగు కార్డుల రూపంలో వచ్చిన ఛాయాచిత్రాలకే పరిమితం. పత్రికల కోసం తీసిన బేస్‌బాల్ ఛాయాచిత్రాలు అందులో లేవు. వాటిని వస్తువులుగా దాచుకోవాలనే ఆలోచనే అప్పటికి తక్కువ. ఉదాహరణకు 1904 నుండి 1942 వరకు న్యూయార్క్ మైదానాలలో చిత్రాలు తీసిన చార్లెస్ కాన్లన్ (1868-1945) వృత్తిరీత్యా పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. జారుతూ బేస్ ను చేరుతున్న టై కాబ్ చిత్రం ఇతడు తీసినదే. కాన్లన్ గాజు నెగెటివులలో చాలా భాగం కాలక్రమంలో నశించిపోయాయి, సుమారు 8 వేలు మిగిలాయి. అచ్చయిన తరువాత ఛాయాచిత్రానికి పని అయిపోయినట్లే అప్పటి పత్రికలవారు భావించేవారు.

20వ శతాబ్దపు చివరలో పత్రికలు తమ పాత చిత్రాలను అమ్మివేయటం మొదలుపెట్టాక వీటికీ సేకర్తలు ఏర్పడ్డారు. కార్డులకు బర్డిక్ ముందు ఎదురైన చిక్కే వీరికీ ఎదురైంది: ఒకే నెగెటివు నుండి ఎప్పుడైనా ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, మరి ఏది అసలైనది? దీనికి నాలుగు తరగతుల పద్ధతిని ఏర్పరచుకున్నారు. అసలు నెగెటివు నుండి, చిత్రం తీసిన సుమారు రెండు సంవత్సరాలలోపు తయారైన ప్రతి మొదటి తరగతి. అదే నెగెటివు నుండి ఆలస్యంగా తీసినది రెండవది. నకలు నెగెటివు నుండి గాని, తంతి ద్వారా వచ్చిన చిత్రం నుండి గాని ఆ కాలంలోనే తీసినది మూడవది, అలాగే ఆలస్యంగా తీసినది నాలుగవది. కాగితం రకం, వెనుకనున్న పత్రిక ముద్ర, అంటించిన వార్తాశీర్షిక చీటీ వీటిని బట్టి తరగతి నిర్ణయిస్తారు. ధర కూడా దానిని బట్టే ఉంటుంది. ఒకే దృశ్యం, పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా తెలియని రెండు కాగితాలు, వాటి విలువలో మాత్రం ఎన్నో రెట్ల తేడా.